రోడ్డవతల నిలబడి కొన్న ఆంప్లిఫయర్

మా ముందుగది మూలన రెండు టేకు పెట్టెలున్నాయి. ఊళ్ళో మైక్‌సెట్ నడిపే రోజుల్లో మా నాయిన స్వయంగా చేసుకున్న స్పీకర్ పెట్టెలు. నల్గొండ పక్క పల్లె వదిలి ఎల్బీనగర్ వచ్చేటప్పుడు హారన్లు, తీగలు, ఆంప్లిఫయర్ అన్నీ అమ్మేశాడు గానీ వీటిని పరుపులో చుట్టి లారీ ఎక్కించాడు. అప్పటినుంచి ఒకదాని మీద మనీప్లాంటు, ఇంకోదాని మీద బియ్యం డబ్బా. పాట ఒక్కటి లేదు.

అమ్మకు ఆ పెట్టెలంటే మొదటినుంచీ పడదు. "ఊరోళ్ళ పెండ్లిళ్ళన్నిట్ల పాటలేసిండు. నా పక్కన కూసొని ఒక్కటన్న ఇన్నడా?" అనేది ఆమె పాత ఫిర్యాదు. అమ్మది మా పక్క ఊరే. మొన్న ఇంటికి రంగులు వేయించినప్పుడు ఇక తేల్చేసింది.

"దసరకు గవి పాడన్న పాడాలె, పాత సామాన్ల బండన్న ఎక్కాలె!"

అక్కడితో ఆగిందా? రోజూ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నాయిన ఒకరోజు సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ పెట్టెలు పోతే ఈయన ఏమవుతాడోనని నాకు భయమేసింది.

"పా నాయినా, ఆంప్లిఫయర్ కొందాం పా" అన్నాను.

సొంత పెట్టెతో వాయించి చూడనిదే ఆంప్లిఫయర్ కొనకూడదట. అందుకని ఒక పెట్టెను ఆటో ఎక్కించాం. అది సీట్లో దర్జాగా కూర్చుంది, నేను దాని పక్కన ఇరుక్కుని దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళాను. మెట్రో దారి కింద, చీరల దుకాణాల నడుమ ఉన్న ఆడియో షాపు అది. యజమాని గుంటూరు వైపు మనిషి, ఓపిక పుట్టెడు.

"బాబాయ్ గారూ, పెట్టె భలే ఉందండీ. హాల్లో కూర్చుని వినడానికి దీనికి ఈ చిన్న ఆంప్లిఫయర్ చక్కగా సరిపోద్ది."

"చిన్నదా? సరే, పాట పెట్టు. ఇప్పుడే ఒస్త" అని నాయిన బయటికి నడిచాడు.

చాయ్ తాగడానికేమో అనుకున్నాను. చూస్తే బస్సుల మధ్య నుంచి రోడ్డు దాటి, అవతల జామకాయల బండి పక్కన నిలబడి, కండువా పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏంటమ్మా, మీ నాన్నగారు ఎవర్నైనా పిలుస్తున్నారా?"

"లేదు సార్, సౌండ్ పెంచమంటున్నడు."

మైక్‌సెట్ వాళ్ళ పద్ధతి అది. హారన్ కింద నిలబడ్డవాడికి పాట ఎలాగూ గట్టిగానే వినిపిస్తుంది. కాబట్టి మైకాయన ఊరి పొలిమేర దాకా వెళ్ళి అక్కడ చెవి పెట్టి వింటాడు. కండువా ఎత్తితే పెంచాలి, దించితే చాలని. చిన్నప్పుడు ఆంప్లిఫయర్ నాబ్ దగ్గర కూర్చుని ఆ కండువా కేసి చూసింది నేనే. కానీ ఇది పొలిమేర కాదు, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు! ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి.

యజమాని అద్దాల తలుపు తీసిపెట్టాడు. ఇంకో ఆంప్లిఫయర్ తగిలించాడు. చీరలు చూస్తున్న ఆడవాళ్ళు బేరం ఆపి మా వైపు తిరిగారు. కండువా దిగలేదు. నాయిన చెమటలతో తిరిగొచ్చి, "దమ్ము లేదు బిడ్డా. రోడ్డు గూడ దాటుతలేదు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మన పాట రోడ్డెందుకు దాటాలె నాయినా?"

అన్నం ఎందుకు ఉడకాలని అడిగినట్టు చూశాడు నన్ను. మళ్ళీ రోడ్డు దాటాడు. చివరికి ఫంక్షన్ హాళ్ళకిచ్చే పెద్దది తగిలించాక కండువా దిగింది. బస్సుల సందులోంచి ఆయన నవ్వు కనబడింది. ఆ నవ్వు చూశాక చిన్నది కొందామనడానికి నాకు నోరు రాలేదు.

"పెట్టె వణుకుతోందమ్మా. ఇంట్లో నాబ్ సగం దాటించారంటే కాలిపోద్ది" అని యజమాని నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఆంప్లిఫయర్‌కు పసుపు కుంకుమ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొదటి పాట దేవుడిది, అది మైక్‌సెట్ ఆచారం. నేను ఫోన్‌లో పాట పెట్టి తలెత్తేసరికి నాయిన లేడు. బాల్కనీ తలుపులోంచి చూస్తే గల్లీ చివర నిలబడి ఉన్నాడు. కండువా పైన.

పెంచాను. దిగలేదు. ఇంకొంచెం పెంచాను. మనీప్లాంటు ఆకులు వణికాయి, బియ్యం డబ్బా మూత టకటకలాడింది. నాబ్ సగానికొచ్చింది. ఇంకాస్త తిప్పితే పెట్టెలు కాలిపోతాయి. తిప్పకపోతే ఆంప్లిఫయర్‌కు దమ్ము లేదని ఆయన మళ్ళీ అన్నం మానేస్తాడు. అరిచి చెబుదామంటే ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

వంటింట్లోంచి అమ్మ తడి చేతులతో వచ్చింది. పెట్టెల పని అయిపోయిందనుకున్నాను. ఆమె నన్ను పక్కకు జరిపి, నాబ్ బాగా తగ్గించి, బాల్కనీలోకి వెళ్ళింది.

"ఏందయ్యా! మా ఊరి దాంక పాట రావాల్నని మన పెండ్లికి ముందు గూడ గిట్లనే కండువ లేపుతుంటివి. రోజూ ఇంటుంటి. అప్పుడంటే పక్కూర్ల ఉంటి. ఇప్పుడు ఇంట్లనే ఉన్న గద! లోపటికొచ్చి ఇను!"

ఎదురు బాల్కనీల్లో అందరూ పకపకా నవ్వారు. గల్లీ చివర కండువా మెల్లగా దిగింది. ఈ సంగతి అమ్మకు తెలుసని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియదు.

నాయిన మెట్లెక్కి వచ్చేసరికి అమ్మ బియ్యం డబ్బాను తనే దించి వంటింట్లో పెట్టేసింది. చిక్కుడుకాయల చాట పట్టుకొచ్చి పెట్టెల ముందు కూర్చుంది. ఆయన సిగ్గుపడుతూ పక్కన చతికిలబడ్డాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, ఆనందం పట్టలేకపోయాను. పాట ఎంత మెల్లగా ఉందంటే చిక్కుడుకాయ విరిచిన చప్పుడు కూడా వినబడుతోంది.

కాసేపటికి నాయిన చెయ్యి నాబ్ వైపు పోయింది.

"జర పెంచనా?"

"వద్దు" అంది అమ్మ. "నాకు ఇనవడుతున్నది."