కొసరు అనుకున్న సూది

మా మేనమామ పోయాడని పోయిన నెల బద్వేలు నుంచి ఫోను వచ్చింది. ఫ్లూ జ్వరం ఇంకా తగ్గకముందే పప్పుల అంగడి తెరిచి, త్రాసు ముందే కూలిపోయాడట. గుండెపోటు. ఏం చావయ్యా ఇది! తలుచుకుంటే ఒక పక్క ఏడుపు, ఒక పక్క కోపం.

మామ వేసే కొసరు బద్వేలంతా ఎరుగును. కందిపప్పు తూచి, పొట్లం కట్టేముందు ఇంకో పిడికెడు పైన వేసేవాడు. "తూకం నాదమ్మా, కొసరు నీది" అని నవ్వేవాడు. చిన్నప్పుడు నేను పోతే వేయించిన శెనక్కాయలు ఒళ్లో పోసి, చాలన్నా వినేవాడు కాదు. అంత మంచి చెయ్యి.

రెండేళ్ల కింద మొదటిసారి గుండెపోటు వచ్చి గండం గడిచింది. కడప డాక్టరు మాత్రలు రాసి, ఏటా ఫ్లూ సూది కూడా వేయించుకోమన్నాడు. దెబ్బతిన్న గుండెకు ఆ జ్వరం తగిలితే మళ్లీ పోటు రావచ్చని విడమరిచి చెప్పాడు. మామ బుద్ధిగా తలూపి నాతో బయటికొచ్చాడు.

"జలుబుకు సూదేందమ్మీ? గుండెకు మాత్రలిచ్చినాడు, మింగుతాండా. ఈ సూది కొసరు. కొసరు లేకుంటే సరుకు తక్కువైతాదా?"

"మామా, అది కొసరు గాదు. అంతసేపు చెప్పె గదా ఆయన!"

"యాపారస్తుణ్ణి. ఏది అసలో ఏది కొసరో నాకు తెలీదా?"

మరుసటి ఏడు కూడా అడిగాను. మళ్లీ అదే నవ్వు.

సూది వేయించుకుని ఉంటే తప్పకుండా బతికేవాడని డాక్టరు కూడా అనలేదు. "కొంత అడ్డం ఉండేదమ్మా" అన్నాడంతే. ఆ 'కొంత' నన్ను తినేస్తోంది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు రాతే అంతన్నారు. నాకు ఒళ్లు మండింది.

అత్తకు షుగరు; ఆమెకూ ఏటా ఆ ఫ్లూ సూది పడాలన్నాడు డాక్టరు. మొగుడు పోయిన మనిషి అప్పుడే గడప దాటకూడదని చుట్టాలు అడ్డుపడ్డారు. ఈమెను కూడా పోగొట్టుకుందామా అని అరిచి, పెద్దకర్మ కాగానే కడపకు తీసుకుపోయాను. డాక్టరు సూది వేసి, దూదితో అదిమి, "అయిపోయింది, లెయ్యమ్మా" అన్నాడు.

అత్త లేవలేదు. రెండో చేతి మీది రవిక పైకి జరిపి ముందుకు చాపింది.

"మా ఆయనకు ఎయ్యాల్సింది గూడా దీనికి ఏసేయండి సార్."