స్టీరింగ్ ముట్టుకోలేదు

"ముట్టుకోలేదే! స్టీరింగ్ ముట్టుకోలేదు. బండి తాళం జేబులోంచి తియ్యనేలేదు!"

"ఆహా, ఎంత బుద్ధిమంతులండీ! ఆ ప్రిన్సిపాలమ్మ దండ వేసి సన్మానం చేసిందిగా. ఏదీ, చూపించండి!"

గొడవ మా కింద వాటాలో బాబాయ్, పిన్నిలది. చుట్టాలు కారు, పిలుపంతే. బాబాయ్ స్కూల్ బస్సు డ్రైవరు. సందు మలుపులో ఆయన హారన్ వినపడితే చాలు, సగం జడతో ఒకత్తి, ఒంటికాలి బూటుతో ఒకడు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. నేను కాలేజీ ఎగ్గొట్టి, ఎగ్గొట్టి, చివరికి మానేసి, ఆ స్కూలెదురుగా టైర్ల షాపులో చేరాను. ఆ బస్సుకి గాలి కొట్టేది నేనే.

మొన్న ఆదివారం ఊరి బయట మైదానంలో మ్యూజిక్ ఫెస్టివల్ అయింది. బావమరిది టికెట్ ఇస్తే బాబాయ్ వెళ్ళాడు. లోపల బీరు అమ్మారు, పర్మిషన్‌తోనే, చేతికి రంగు పట్టీ కట్టి మరీ. తాగాడు. కాస్త ఎక్కువే తాగాడు. తాగి తోలకూడదని ఆయనకి ఒకరు చెప్పాలా? బైక్ అక్కడే వదిలేసి ఆటో కోసం గేటు దాటాడు. కాళ్ళు తేలిపోయి ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు.

పోలీసులొచ్చారు. "నేను నడపట్లేదు సార్" అన్నాడు.

"నడిపావని ఎవరన్నారు? ఎక్కు."

మత్తులో రోడ్డు మీద కనపడటమే కేసని ఆయనకి తెలీదు. జీవితమంతా డ్రైవరుగా బతికినవాడికి తాగుడు కేసంటే స్టీరింగ్ కేసే. గేటు లోపలున్నంతసేపూ కస్టమరు, దాటాక ముద్దాయి. లోపల ఏ గ్లాసు ఎంతో ఇంతింత అక్షరాలతో బోర్డులు పెట్టారు. బయట కాలుపెడితే ఏమవుతుందో ఒక్క ముక్క రాయలేదు.

కోర్టులో పక్కనున్నవాళ్ళు "ఒప్పేసుకో అన్నా, ఫైన్ కట్టి ఇంటికి పోదాం" అన్నారు. ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుంటే శిక్ష పడినట్టేనని, అది పేరుకి అతుక్కుపోతుందని ఎవడూ చెప్పలేదు. సంగతి స్కూలుకి చేరింది. నిన్న బస్సు తాళాలు తీసేసుకున్నారు.

గొడవ ఆగేలా లేదని కిందికి దిగాను. బాబాయ్ గుమ్మంలో కూర్చున్నాడు. ఖాకీ చొక్కా వేసుకునే ఉన్నాడు, ఇస్త్రీ మడత నలగలేదు.

"పైకోర్టుకి వెళ్ళు బాబాయ్."

"వెళ్ళి ఏమనాలిరా? నా నోటితో నేనే ఔనన్నాగా."

"పోనీ ఇంకో స్కూలు..."

"కేసులున్నాయా అనే ముందడుగుతారు."

అంతలో మలుపులో హారన్ మోగింది. అదే బస్సు. బాబాయ్ గబుక్కున లేచాడు. ఒక కాలు చెప్పులో పెట్టి, ఆగిపోయి, మళ్ళీ కూర్చున్నాడు. పిన్ని లోపల్నించి కిటికీ దగ్గరికొచ్చి తొంగి చూసింది. బస్సు వెళ్ళిపోయింది.

"గాలి కోసం కొత్త డ్రైవరు నీ షాపుకే వస్తాడు కదరా?"

"ఆఁ, వస్తాడు."

"ఓ మాట చెప్పు. మన సందులో హారన్ కొట్టొద్దను. పిల్లల్ని నేనే తలుపు తట్టి పిలుస్తానని చెప్పు."