కొస పట్టుకోండి

మా పిన్ని ఎవరింటికి వెళ్ళినా ముందు కూర్చోదు. సంచిలోంచి టేపు తీస్తుంది. తోలు డబ్బాలో చుట్టుకునే వంద అడుగుల గుడ్డ టేపు. దాని కొస ఇంటివాళ్ళ చేతిలో పెట్టి, "కాస్త పట్టుకోండి," అని డబ్బాతో అవతలి గోడకు నడుస్తుంది. ఎంత గొప్పవాళ్ళైనా పట్టుకోవలసిందే. ఆ గది కొలిచేదాకా ఆవిడకు మంచినీళ్ళు కూడా గొంతు దిగవు.

పిన్ని లైసెన్సున్న వాల్యూయరు. ఎవరైనా ఇల్లు అమ్మాలన్నా, పంచుకోవాలన్నా, దాని విలువ ఇంతని తేల్చి సంతకం పెట్టేది ఆవిడే. అంతవరకు బాగానే ఉంది. వృత్తికీ, చుట్టరికానికీ మధ్య గోడ కట్టడమే ఆవిడకు చేతకాలేదు. ఒకసారి బాబాయికి ఆపరేషనైంది. మత్తు దిగి కళ్ళు తెరిచేసరికి ఆయన చేతిలో టేపు కొస ఉంది.

"నేను బతికే ఉన్నానా?" అన్నాడు బాబాయి నీరసంగా.

"ఉన్నారు, కదలకండి. పదకొండున్నర... స్పెషల్ రూమని చెప్పి ఇంత అగ్గిపెట్టె ఇస్తారా!"

రెండేళ్ళకోసారి లైసెన్సు రెన్యూవల్ చేయించుకోవాలి. దానికి ఇరవై ఎనిమిది గంటలు క్లాసులు వినాలి. తోటి వాల్యూయర్లంతా వెనక బెంచీల్లో కునుకు తీస్తుంటే పిన్ని ముందు బెంచీలో కూర్చుని నోట్సు రాసేది. ఒక ఏడాది పాఠం చెప్పే ఆయన చేతికే కొస ఇచ్చింది.

"మేడమ్, నేను క్లాసు చెప్తున్నాను."

"చెప్పండి నాయనా. నోటితోనే కదా చెప్పేది, చెయ్యి ఖాళీయేగా!"

తేలిందేమంటే ఆ గది అరవై మందికి చాలదు. మర్నాటినుంచి క్లాసు పెద్ద హాలుకు మారింది. ఆ తర్వాత ఆ పెద్దమనిషి పిన్ని కనబడితే చాలు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునేవాడు.

నేను పనిచేసే చెప్పుల షాపు మూతపడి, ముప్పై ఏళ్ళ వయసులో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న రోజుల్లో పిన్ని నన్ను చేరదీసింది. "నా దగ్గర పని నేర్చుకోరా. కస్టమర్లలా గోడలు ఎదురు చెప్పవు," అంది. లైసెన్సు రావాలంటే పరీక్ష పాసవ్వాలి, వెయ్యి గంటలు పని చేసినట్టు పుస్తకంలో పెద్దవాల్యూయరు సంతకాలుండాలి. మూడోసారికి గట్టెక్కిన నా పరీక్ష, నేను చెప్పబోయే వారంలో శుక్రవారంతో రెండేళ్ళు దాటి చెల్లకుండా పోతుంది. ఆలోపు గంటలు నిండకపోతే మళ్ళీ మొదటికే. నా పుస్తకంలో తొమ్మిదివందల తొంభై నాలుగున్నాయి. ఒక్క ఇల్లు చూస్తే చాలు.

ఆ ఇల్లు ఒక అన్నాచెల్లెళ్ళది. తండ్రి పోయాక పంచుకుంటున్నారు. ఏడాదిగా వాళ్ళ మధ్య మాటల్లేవు, లాయరు ఉత్తరాలే. ఆ రోజు పిన్నికి జ్వరం. నేను కొత్తగా కొన్న లేజరు మీటరు పట్టుకుని దర్జాగా వెళ్ళాను. బటను నొక్కితే గోడ మీద ఎర్రచుక్క, చేతిలో అంకె. అరగంటలో పని ముగించి, రిపోర్టు రాసి పిన్ని ముందు పెట్టాను.

"హాలు ముప్పై ఒక్క అడుగులా? అందులో బస్సేమైనా పెట్టుకుంటారా?"

"మిషన్ చెప్పింది పిన్నీ."

"హాలు చివర ఏముంది?"

"గాజు తలుపు," అన్నాక నా మట్టిబుర్రకు వెలిగింది. ఎర్రచుక్క గాజు దాటి, వరండా దాటి, ఎదుటి ప్రహరీ మీద వాలింది. లేని హాలును అన్నాచెల్లెళ్ళకు చెరిసగం పంచేశాను.

"కొస ఎవరు పట్టుకున్నారు?" అంది పిన్ని.

"లేజరుకి కొస ఉండదు పిన్నీ."

"అయితే సంతకమూ ఉండదు."

గురువారం పొద్దున్నే ఇద్దరం వెళ్ళాం. అన్న కరెంటు పనివాడు, చెల్లెలు నర్సు. ఆయన కిటికీ దగ్గర, ఆవిడ గుమ్మం దగ్గర, ఒకరి నీడ ఒకరి మీద పడకుండా నిలబడ్డారు. పిన్ని కొస అన్న చేతికిచ్చి, డబ్బా చెల్లెలి చేతిలో పెట్టింది.

"గట్టిగా లాగమనండి ఆవిణ్ణి," అన్నాడు అన్న నాతో.

"ముందు ఆయన్ని వంగి పట్టుకోమనండి," అంది చెల్లెలు పిన్నితో.

"నాకు ఇవాళ చెవులు పనిచేయడం లేదు. మీరే చెప్పుకోండి," అంది పిన్ని.

రెండు గదులయ్యేసరికి "ఆవిడ" పోయి "నువ్వు" వచ్చింది. మూడో గదిలో అన్న గోడకు ఆనుకుని, "ఇక్కడే కదూ నీ కుట్టుమిషను ఉండేది?" అన్నాడు.

"నాదా? అమ్మది. దాన్ని విరగ్గొట్టింది నువ్వు."

"దాని మీదెక్కి అటక మీది డబ్బా తీసిందెవరు?"

"తియ్యమన్నదెవరు?"

టేపు కింద పడేసి వంటింట్లోకి వెళ్ళి మరీ పోట్లాడుకున్నారు. పోట్లాట మధ్యలో స్టవ్వు వెలిగించిన చప్పుడైంది. "నాకు పంచదార వెయ్యకు, షుగరు," అన్నాడు అన్న. "ఎప్పట్నుంచి? నాకు చెప్పలేదేం?" అంది చెల్లెలు. ఆ గొంతు పూర్తిగా మారిపోయింది.

నేనిటు తిరిగేసరికి పిన్ని సంచి అడుగునుంచి ఒక లేజరు మీటరు తీసింది. బటన్ల మీద గుర్తులు అరిగిపోయిన పాతది. గాజు తలుపుకు నా పుస్తకం అట్ట ఆనించి కొలిచింది. ఐదు నిమిషాల్లో ఇల్లంతా చుట్టేసింది. నేను నోరు వెళ్ళబెట్టి, కింద పడున్న టేపు చుట్టబోయాను. కొస చేతికొచ్చింది. మొదటి తొమ్మిదంగుళాలు లేనే లేవు. ఎప్పుడో తెగిపోతే, కొసనుండే రింగును మిగిలిన గుడ్డకు దారంతో కట్టేసింది.

"పిన్నీ! రెండేళ్ళుగా నేను రాసుకున్న కొలతలన్నీ..."

"తప్పే. రిపోర్టుకెక్కేవి ఇవి," అని లేజరు చూపించింది. "ప్రతి ఇంట్లోనూ నిన్ను వీధి ఫోటోలు తియ్యమని బయటికి పంపేది ఎందుకనుకున్నావు?"

"మరి టేపెందుకు?"

"మనం రాగానే వీళ్ళెలా నిలబడ్డారో చూశావుగా. పరాయివాళ్ళొచ్చి తమ ఇంటికి వెల కడుతుంటే చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదురా పాపం. ఆ చేతిలో ఏదో ఒకటి పెడితే కాస్త తేరుకుంటారు."

ఇన్నాళ్ళూ వెనక నవ్వుకున్నందుకు నాకు చచ్చేంత సిగ్గేసింది. ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చింది. పిన్ని ఇదేం పట్టించుకోకుండా వరండా మెట్ల మీద కూర్చుని, నా పుస్తకంలో ఆరు గంటలు రాసి సంతకం పెట్టింది.

"టేపు సంగతి ఎక్కడైనా వాగావో, నా లైసెన్సు ఊడుతుంది," అంది గొంతు తగ్గించి.

పన్నెండేళ్ళు నోరు కుట్టేసుకున్నాను. పోయిన నెల మోకాళ్ళ నొప్పులని పిన్ని లైసెన్సు రెన్యూవల్ చేయించుకోలేదు. వెంటనే ఫోన్ చేసి, ఇక టేపు సంగతి కథగా రాసుకోవచ్చా అని అడిగాను.

"రాసుకో. కానీ తొమ్మిదంగుళాలని రాయకురా, మరీ పరువు తక్కువ. మూడని రాయి."

నేనిప్పుడు లైసెన్సున్న వాల్యూయర్ని. ఉన్నది ఉన్నట్టే రాశాను.