మైపాడు పంక్తిలో మా పెదనాయన

ఈమధ్య ఒకరోజు నెల్లూరు నుంచి బుచ్చిరెడ్డిపాళేనికి బస్సులో పోతుంటే, రోడ్డు పక్క మడిలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. నీళ్ళలో మురిగిన జీలుగాకు, తిరగబడిన నల్లమన్ను, దాని మీద కాసే లేత ఎండ, అన్నీ కలిసిన వాసన ఒక్కసారిగా కిటికీలోంచి లోపలికి కొట్టింది. పక్కసీటులో ఉన్న అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని అద్దం మూయబోతే, "ఉండనీ తల్లీ, రెండు నిమిషాలు" అని బతిమాలాను. బురద వాసన కోసం బతిమాలే ముసలమ్మను ఆ పిల్ల అదే మొదటిసారి చూడటం కాబోలు, నన్ను ఎగాదిగా చూసి ఊరుకుంది. ఆ వాసనకు ఎవరికైనా నాట్లు గుర్తొస్తాయి. నాకు మాత్రం చెడుగుడు గుర్తొస్తుంది, దాంతోపాటు మా పెంచలరెడ్డి పెదనాయన గుర్తొస్తాడు.

పెదనాయన అంటే మా నాయనకు అన్న. అరవైల మొదట్లో, నాకు పదేళ్ళప్పుడు, ఆయనకు నలభై ఎప్పుడో దాటిపోయాయి. పొడగరి కాదు, తాటిమొద్దులాగా కురచగా, గట్టిగా ఉండేవాడు. పొద్దున పొలం, మధ్యాహ్నం కునుకు, పొద్దు వాలితే ఊరి బయట బీడులో చెడుగుడు. గొంతు పాడవుతుందని బుగ్గన ఎప్పుడూ ఒక కరక్కాయ ముక్క పెట్టుకునేవాడు. ఆట రోజులు దగ్గరపడితే పులుపు ముట్టేవాడు కాదు. గూడూరు నుంచి బస్తాలతో తెప్పించిన నిమ్మకాయలు కోసి, ఉప్పులో ఊరేసి, జాడీకి అవ్వ వాసెన కడుతుంటే ఇల్లంతా నోరూరిపోయేది, ఆయన మాత్రం ముక్కు పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు. సద్దికూడు, ఉల్లిపాయ, మీగడ తరక, అంతే ఆయన పథ్యం. బాలింత పథ్యమైనా ఇంతకన్నా నయమని మా పెద్దమ్మ సణుక్కునేది.

టీవీలో ఇప్పుడు పరుపుల మీద ఆడుతున్న కబడ్డీయే మా చెడుగుడు. కూత విడవకుండా అవతలి బరిలోకి పోయి, అందినవాణ్ణి తాకి, ఊపిరి ఆగేలోగా గీత దాటి వెనక్కి రావాలి. తాకించుకున్నవాడు చచ్చినట్టే, బయట కూర్చోవాలి. పట్టుబడి కూత ఆగితే పోయినవాడే చస్తాడు. ఒక జట్టంతా చస్తే ఆట అయిపోయినట్టు. పెదనాయన కూతకు దిగే ముందు వంగి గీత దగ్గర మన్ను తీసి నుదుట రాసుకుని, తొడ మీద ఒక్క చరుపు చరిచేవాడు. ఆ చప్పుడుకు అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్ళు కూడా నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టేవాళ్ళు. ఆటలో ఓడి వచ్చినవాణ్ణి ఆయన ఎప్పుడూ తిట్టలేదు. పట్టు పడగానే పెనుగులాడకుండా వదిలేసినవాణ్ణి మాత్రం మూడు వీధులకు వినపడేలా తిట్టేవాడు. "ఊపిరి అయిపోకముందే మనసు అయిపోగొట్టుకోబాకండ్రా!" అన్నది ఆయన మాట. ఆ మాట మా ఊళ్ళో పరీక్షలు రాసే పిల్లలకూ, కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడవాళ్ళకూ కూడా చెప్పేవాళ్ళు.

మా ఊరికీ, మైపాడు సముద్రపు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళుండే పట్టపుపాళేనికీ ఏటా పందెం. కోతల కాలంలో వాళ్ళు ఎండుచేపల తట్టలతో మా కల్లాలకు వచ్చి వడ్లు కొలిపించుకుపోయేవాళ్ళు. ఆ రాకపోకల్లో ఎప్పుడో ఎవరో ఎవరి తొడనో చూసి నవ్వితే పుట్టిన పందెం అది. ఒక ఏడు మా బీడులో, ఒక ఏడు వాళ్ళ సముద్రపు ఒడ్డున. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళను పంక్తిలో కూర్చోబెట్టి, తమ చేతులతో వడ్డించి, వాళ్ళు లేచాక తాము తినాలి. మా బీడులో ఆడితే మేమే గెలిచేవాళ్ళం, సొరచేపల్లాంటి ఆ మనుషులు వంగి మావాళ్ళకు సున్నుండలు వడ్డించేవాళ్ళు. వాళ్ళ ఇసుకలో ఆడితే మాత్రం మావాళ్ళ కాళ్ళు చీలమండల దాకా దిగబడేవి. పెదనాయన పాతికేళ్ళు ఆడి, మైపాడులో ఒక్కసారి కూడా గెలిచినవాళ్ళ పంక్తిలో కూర్చుని అన్నం తినలేదు. పోయిన ప్రతిసారీ నడుం వంచి వాళ్ళ పులుసు వాళ్ళకే వడ్డించి వచ్చాడు.

ఆ ఏడు ఆయన కుడిమోకాలు వాచి, మెట్లు దిగుతుంటే టక్కుమనేది. అవ్వ పట్టుబట్టింది. "ముసలోడికి దసరా పండగా? ఇంక చాలు నాయనా, నీ మోకాలు నీ మాట ఇనదు" అంది. పెదనాయన కరక్కాయ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, "ఈ ఒక్క ఏడూ పోనీ మ్మా. మైపాడులో ఒక్కపూట కూచోని తింటే ఇంక బరి మొగం చూడను" అన్నాడు. ఆ సంగతి తెల్లారేసరికి ఊరంతా పాకింది.

దమ్ముల రోజుల్లో ఆయన జట్టునంతా బీడుకు కాక మడిలోకి దింపాడు. మోకాటి లోతు బురదలో గీత గీసే వీలు లేదు గనక గట్ల మీద నుంచి తాడు కట్టాడు. ఇక్కడ పరిగెత్తినవాడికి ఇసుక ఒక లెక్కా అని ఆయన తర్కం. ఏడుగురు మగవాళ్ళు మొలకు గోచీలతో, ఒళ్ళంతా నల్లగా, కళ్ళూ పళ్ళూ మాత్రం తెల్లగా, ఒకరి మీద ఒకరు పడి పొర్లుతుంటే మా పిలకాయలకు అదొక తిరనాళ్ళు. వేయించిన వేరుశనక్కాయలు ఒళ్ళో పోసుకుని గట్టు మీద బారుగా కూర్చుని, ఎవడు ఎవడో పోల్చుకోవడానికి మేం పందేలు వేసుకునేవాళ్ళం. ఎద్దులు కూడా మేత మాని చూసేవి. మోకాలు వాచిన మనిషి అందరికన్నా ముందు దిగి, అందరికన్నా చివర లేచేవాడు. ఆయన పళ్ళు బిగించి బురదలోంచి కాలు పీక్కోవడం చూశాక, ఒళ్ళు నొప్పులని చెప్పడానికి కుర్రవాళ్ళకు నోరు రాలేదు.

జట్టులో ఏడోవాడు దస్తగిరి, మా ఊరి దర్జీ. పట్టు ఉడుం పట్టే గానీ, పొద్దస్తమానం మిషను ముందు వంగి కూర్చుని కూర్చుని ఊపిరి నిలవదు. నాలుగడుగులు వేసేసరికి కూత తెగేది. మైపాడువాళ్ళకు అది బాగా తెలుసు. పెదనాయన పోయి దస్తగిరి అంగట్లో బల్ల మీద కూర్చున్నాడు. "నిక్కరు కాలు ఒకటి ఈ కొస నించి ఆ కొసకు కుట్టేదాకా కూత ఆపబాక" అన్నాడు. ఆరోజు నుంచి రవికెలు కుట్టించుకోను పోయిన ఆడవాళ్ళకు లోపలినుంచి మిషను చప్పుడుతో కలిసి 'చెడుగుడుగుడుగుడు' వినపడేది, నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. జట్టు నిక్కర్లన్నీ అట్లా కూతలో కుట్టినవే. మొదట కుట్టినవాటిలో కుట్టు పామెళ్ళినట్టు వెళ్ళింది. చివరి నిక్కరు కుట్టు మాత్రం తీగ లాగినట్టుంది.

కోతలై, మామిడి పిందెలు పులుపెక్కే వేళకు బండ్లు కట్టుకుని బయలుదేరాం. ఆడవాళ్ళకు సముద్రస్నానం సాకు, మాకు ఆట సాకు. చద్దిమూటల్లో పులిహోర, వేయించిన మినప వడియాలు, అరిసెలు. పులిహోర మూట విప్పినప్పుడల్లా పెదనాయన బండి దిగి ఎద్దుల పక్కన నడిచేవాడు. నెల్లూరు సత్రంలో ఒక మజిలీ చేసి, మర్నాడు పొద్దెక్కాక మైపాడు చేరాం. అంత నీళ్ళు ఒక్కచోట చూడటం నాకదే మొదటిసారి, నోరు తెరుచుకుని నిలబడితే గాలికి ఇసుక పోయి నోరంతా కరకరలాడింది. ఒడ్డున వలలు ఎండుతున్నాయి. గుడిసెల ముందు పెద్ద పెద్ద చట్టుల్లో చేపల పులుసు అప్పుడే పొయ్యెక్కింది.

ఆట మొదలయ్యాక మావాళ్ళ కాళ్ళు చూసి మైపాడువాళ్ళు బిత్తరపోయారు. ఇసుకలో గట్టినేల మీద తిరిగినట్టు తిరిగారు. కానీ వాళ్ళు మాత్రం తక్కువవాళ్ళా? వాళ్ళ పెద్ద పోలయ్య అలలో పడవ తోసే భుజాలతో వచ్చి మావాళ్ళను ఇద్దరిని ఒక్క కూతలో తాకి పోయాడు. అట్లా అటు కొందరు, ఇటు కొందరు చచ్చాక పెదనాయన కూతకు దిగాడు. తొడ చరిచిన చప్పుడు సముద్రం హోరులో కూడా వినిపించింది. ఇద్దరిని తాకి తిరగబోతుండగా పోలయ్య నడుం పట్టాడు. పెదనాయన అతణ్ణి ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేశాడు గానీ కుడిమోకాలు టక్కుమని మడతపడిపోయింది. గీతకు జానెడు దూరంలో కూత తెగింది. మోయబోయినవాళ్ళను విదిలించుకుని ఆయనే పాకుతూ బయటికి వచ్చాడు.

అటు ముగ్గురు మిగిలారు, పోలయ్యతో సహా. ఇటు దస్తగిరి ఒక్కడు. మా అవ్వ కొంగు నెత్తిన వేసుకుని సముద్రం వైపు తిరిగిపోయింది. పెదనాయన ఒంటి మోకాలి మీద లేచి, "దస్తగిరీ! మిషను తొక్కరా!" అని అరిచాడు.

దస్తగిరి కూత ఎత్తుకున్నాడు. నాలుగడుగులు పోయాడు. ఇక తెగుతుందని ముగ్గురూ ఒక్కసారి మీదపడ్డారు. కాళ్ళొకడు, నడుమొకడు, మెడొకడు. కూత తెగలేదు. బయట కూర్చున్న పెదనాయన పెదాలు కూడా కూతతోపాటు కదులుతున్నాయి, ఊపిరి బిగబట్టి మొహం కందగడ్డయింది. ఆయన్ను చూసి చచ్చి బయట కూర్చున్న ఐదుగురూ ఊపిరి బిగబట్టారు, మేమూ బిగబట్టాం. ముగ్గురు మనుషులను మోస్తున్న దస్తగిరి బురదలోంచి పీకినట్టు ఒక్కో కాలూ పీకి, చివరికి ముందుకు పడి, గీత మీద వేళ్ళు ఆనించి, అప్పుడు ఊపిరి వదిలాడు. ముగ్గురూ చచ్చారు. అవ్వ ఇటు తిరిగి, ఏమైందో తెలియకుండానే ఏడ్చింది.

పంక్తికి విస్తళ్ళు వేశారు. పులుసు చట్టి మోసుకుని పోలయ్యే వచ్చాడు. అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, పెదనాయన మాత్రం నిలబడే ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయంతయింది, మడత పడదు. అన్నం ముందు కాళ్ళు చాపడం మా ఇళ్ళలో మహా అపచారం. పాతికేళ్ళు ఎదురుచూసిన విస్తరి ఆయన కాళ్ళ ముందే ఉంది. "నేను నిలబడే తింటాలేరా, మీరు కానీండి" అన్నాడు, నవ్వబోయాడు.

దస్తగిరి ఆయన్ను ఒకసారి చూశాడు. చూసి, తన కుడికాలు విస్తరి పక్కగా బారజాపాడు. "నాకూ పట్టేసిందన్నా" అన్నాడు. ఆ పక్కవాడు చాపాడు, వాడి పక్కవాడు చాపాడు. ఇసుకలో ఆరు కుడికాళ్ళు వరసగా తేలాయి. పెదనాయన మెల్లగా చతికిలబడి ఏడో కాలు చాపాడు.

పోలయ్య గరిటె పట్టుకుని నిలబడిపోయాడు. "ఏందన్నా ఇది, మీ పక్క ఇట్టనే తింటారా?"

"గెలిచినోళ్ళు ఇట్టనే తింటారబ్బయ్యా, పులుసు పొయ్యి" అన్నాడు పెదనాయన.

పోలయ్య విరగబడి నవ్వి, వంజరం చేప తలకాయ ఆయన విస్తట్లోనే వేశాడు. మామిడికాయ పులుసు, ఎర్రటి కారం, నెలల తరవాత పులుపు. ఆయన కళ్ళెంబడి నీళ్ళు కారుతుంటే కారమే అన్నాడు, మేమూ కారమే అనుకున్నాం. ఆ పూట ఆ ఒడ్డున ఉన్నంత సంతోషం నేను మళ్ళీ ఏ పెళ్ళిలోనూ చూడలేదు.

మాట ప్రకారం ఆయన మళ్ళీ బరిలోకి దిగలేదు. ఆ తర్వాత కొన్నేళ్ళు పందెం సాగింది. ఎవరు గెలిచినా కుడికాలు చాపే తిన్నారు. తరవాత ఊళ్ళో పిల్లలు చదువులకు పట్నాలు పట్టారు, బీడు ప్లాట్లయింది, ఎండుచేపల తట్టలు కల్లాలకు రావడం మానేశాయి, కల్లాలే లేవు. పెదనాయనా, దస్తగిరీ, పోలయ్యా అందరూ వెళ్ళిపోయారు.

పోయిన ఎండాకాలం మనవరాలితో ఆటోలో మైపాడు పోయాను. ఒడ్డున పొట్లాల్లో మరమరాలు, ఫోటోలు తీసేవాళ్ళు, గుర్రపు స్వారీలు. చేపలమ్మే ఒక పెద్దామెను, ఇక్కడ చెడుగుడు ఆడేవాళ్ళు గుర్తున్నారా అని అడిగాను. ఆమె త్రాసు దించి కాసేపు ఆలోచించింది. "ఆట సరిగా గెవనం లేదు గానీ మ్మా, మా పిలకాయలప్పుడు గెలిచినోళ్ళు కుడికాలు చాపుకోని తినేవోళ్ళు. అది ఏ దేవుడి మొక్కో ఏందో, మా పెద్దోళ్ళకు కూడా తెలీదు" అంది.

"ఏ దేవుడి మొక్కూ కాదు తల్లీ" అన్నాను, "అది మా పెదనాయన మోకాలు."