అస్థికల కోసం గుట్ట ఎక్కాను

మార్గశిరంలో ఒక సోమవారం, తెల్లవారి అయిదున్నర పాసింజరుకు మధిరలో ఎక్కాను. చర్లకు అవతల గుట్ట మీది గూడెంలో మా తమ్ముడు రాఘవ వానాకాలంలో జ్వరంతో పోయాడు. అక్కడి బడిలో పంతులుగా చేరి, ఆ గూడెం పిల్లనే పెళ్ళాడాడు. ఆనాటి నుంచి మా ఇంట్లో అతని పేరు ఎవరినీ ఎత్తనివ్వలేదు నేను. ఏడూళ్ళ మీద పెత్తనం చేసిన వంశం మాది. ఊళ్ళు పోయాయి, పెత్తనం పోయింది, పట్టింపు మాత్రం నా దగ్గర మిగిలింది. జబ్బుగా ఉన్నాడన్న ఉత్తరం చదివి పక్కన పెట్టాను. తరువాత చావు కబురు వచ్చింది. అస్థికలనైనా తెచ్చి భద్రాచలంలో గోదావరిలో కలపాలని బయలుదేరాను.

ఏడింటికి ఖమ్మంలో దిగి భద్రాచలం బస్సు పట్టుకున్నాను. పాల్వంచ దాకా ఎండ, పత్తి చేలు. తరువాత టేకు చెట్లు మొదలయ్యాయి. అడ్డాకుల మోపుతో ఎక్కిన ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "ఇస్త్రీ నలగదు తియ్యి, ఇంత జరుగు" అంది. జరిగాను.

భద్రాచలంలో భోజనం, మూడు దాటాక చర్ల. లాడ్జి లేదు, హోటలు వెనక గది ఇచ్చారు. వెళ్ళేవారు దోమతెర వెంట ఉంచుకోవడం మంచిది.

మర్నాడు ఏడింటికి, నా ఉత్తరం అందుకొని తమ్ముడి మామ సోమయ్య వచ్చాడు. గంటసేపు కోసిన వరి మళ్ళ మీదుగా నడిచాం. ఎండ అప్పుడే చురుక్కుమంది. తరువాత ఇప్ప, తునికి చెట్ల నడుమ ఎర్రమట్టి బాట. నా తోలుబూట్లు రెండుసార్లు జారాయి.

"గవి బజారుల నడిచేటియి సారూ, గుట్ట ఒప్పుకోదు," అన్నాడు సోమయ్య. విప్పి చేత పట్టుకున్నాను.

వాగు దాటాక వెదురు. ఎండ నేలను తాకదు, ఆకుల కింద తడి ఆరదు. ఇంకా పైన చెట్లు పొట్టివయ్యాయి, చలిగాలి అందుకుంది. కింద చెమటకు తడిసిన చొక్కా పైన వణికించింది. తొమ్మిదిన్నరకూ మంచు విడలేదు. ఈ దారినే జ్వరం మనిషిని మంచం మీద మోసుకొని దవాఖానాకు దిగబోయామనీ, వాగు పొంగి దాటనివ్వలేదనీ సోమయ్య చెప్పాడు.

గూడెం చివర పోయినవారి పేరిట నిలబెట్టిన రాళ్ళ వరుస ఉంది. పక్కనే తవ్విన గుంట, నేల మీద పడుకోబెట్టిన పొడుగాటి రాయి, తమ్ముడి అస్థికలున్న మట్టికుండ. రాయి నిలిపేటప్పుడు తోడబుట్టినవాళ్ళు చెయ్యి వెయ్యాలట. అందుకే అయిదు నెలలుగా ఆపారు.

తమ్ముడి భార్య లచ్చమ్మ వచ్చి దూరంగా నిలబడింది. వచ్చిన పని చెప్పాను. ఆమె కుండ తెచ్చి నా ముందు పెట్టింది.

"పట్టుకపోతె పట్టుకపో బావా. మరి రాయి కింద మేమేం పెట్టాలె?"

కుండ వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"పోయేముందు, అన్న వస్తడని చెప్పిండు," అంది మళ్ళీ. "గని ఆలస్యంగ వస్తడన్నడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకొనేవాణ్ణేమో.

కుండను గుంటలో నేనే దించాను. సోమయ్య, గూడెం వాళ్ళిద్దరు, నేను కలిసి రాయి ఎత్తాం. చల్లగా, బరువుగా ఉంది. మట్టి తొక్కాక లచ్చమ్మ జొన్న అంబలి ఇచ్చింది. ఆ ఇంటి గడపలో కూర్చుని తాగాను. తమ్ముడు బతికుండగా తాగవలసింది.

మూడోనాడు పొద్దున భద్రాచలంలో ఖమ్మం బస్సెక్కాను. వంతెన మీద అందరూ కిటికీల్లోంచి నదికి దండం పెట్టారు. నీళ్ళు సన్నగా, ఇసుక మధ్య పాయలుగా పారుతున్నాయి. నేను పెట్టలేకపోయాను. ఆ దారి అడవినీ, చలినీ ఇష్టపడి వెళ్ళేవారు ఉంటారు. నాకు మాత్రం ఎక్కిన ప్రతి మలుపూ తమ్ముణ్ణి దించలేకపోయిన మలుపే.

పక్క సీటు పెద్దమనిషి ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగాడు.

"మా మరదలి ఇంటి నుంచి," అన్నాను.