లోకంలో మొట్టమొదటి పని

పంజాగుట్ట మెయిన్ రోడ్డు వెనక గల్లీలో మా అపార్ట్‌మెంట్. నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో అకౌంట్స్ చెబుతాను. మా ఆవిడ దగ్గర్లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇద్దరిదీ గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఆదివారం పొద్దున్నే అమీర్‌పేటలో మా చర్చికి వెళ్తాం. ఒక పాత బిల్డింగులో పై అంతస్తు అది. కింది అంతస్తులన్నీ కంప్యూటర్ కోర్సులవాళ్లవి. మెట్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రాళ్లు మా తెల్లబట్టలు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

కరోనా తగ్గి మనుషులు మళ్లీ ఒకరి ఇంటికొకరు రావడం మొదలైన రోజుల్లో, మా కింది ఫ్లాట్‌లోకి ఒకామె అద్దెకు వచ్చింది. నలభై దాటి ఉంటాయి. ఒక్కతే ఉండేది. మధ్యాహ్నం పూట మగవాళ్లు వచ్చి వెళ్లేవారు. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు, అందరికీ అర్థమైంది. లిఫ్టులో ఆమె ఉంటే మా వాళ్లు “మీరు వెళ్లండి” అని ఆగిపోయేవారు. ఆమె కూడా తల తిప్పకుండా బటన్ నొక్కేసేది.

ఒక ఆదివారం సాయంత్రం సెల్లార్లో అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. స్కూటర్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మా ప్రెసిడెంట్ ఎర్రమంజిల్లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తాడు, సిద్దిపేట వైపు మనిషి. చెడ్డవాడు కాదు. కరోనాలో మా బిల్డింగులో ఎవరికి ఆక్సిజన్ కావాలన్నా ఆయనే పరుగెత్తాడు.

“దాచుడేముంది సార్,” అన్నాడు. “గామె ఏం పని చేస్తదో అందరికి ఎర్కనే. ఇండ్లల్ల ఆడపిల్లలున్నరు. ఓనర్‌కు ఫోన్ చేసి ఖాళీ చేయిద్దాం.”

వెనక కుర్చీలోంచి ఒకాయన నవ్వాడు. “ఏం చేస్తామండీ, లోకంలో మొట్టమొదటి వృత్తి అదేనంటారు కదా. మన మీటింగుతో ఆగుతుందా?”

నలుగురూ నవ్వారు. నెలాఖరుకు ఖాళీ చేయించాలని తేల్చి, ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నారు. మా ఆవిడ ఎత్తలేదు. ఆమె ఎత్తలేదు కాబట్టి నేనూ ఎత్తలేదు.

ఇంటికొచ్చాక ఆమె చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. కాసేపటికి, “అది మొదటి పని కాదండి,” అంది.

“ఏది?”

“ఇందాక ఆయన నవ్వుతూ అన్నది. మొదటి మనిషిని చేశాక దేవుడు ఊరికే కూర్చోబెట్టలేదు కదా. తోటలో పెట్టి, దీన్ని సాగు చెయ్యి, కాచుకో అన్నాడు. అప్పటికింకా పాపం లేదు, సిగ్గు లేదు, చావు లేదు. పని మాత్రం ఉంది.”

“అయితే తోటమాలి పని మొదటిదంటావు.”

“తోటమాలి అనండి, కాపలా అనండి. ఆ తోట పోయింది. తర్వాత అన్న తమ్ముణ్ణి చంపాడు. నీ తమ్ముడేడని దేవుడడిగితే ఏమన్నాడు? వాడికి నేనేమన్నా కావలివాణ్ణా అన్నాడు. అంటే ఏంటి? దేవుడిచ్చిన మొదటి ఉద్యోగం నాకొద్దని రాజీనామా ఇచ్చేశాడు.”

పిల్లప్పటి నుంచి సండే స్కూల్లో విన్న కథలే ఇవి. పెద్దయ్యాక నేనే పిల్లలకు చెప్పాను కూడా. తోటలో కాచుకోమన్న మాట, పొలంలో కావలివాణ్ణా అన్న మాట, రెండూ ఒకే పని గురించని ఎన్నడూ తట్టలేదు. దేవుడు ఆ అన్నను అడిగింది చంపావా అని కాదు, ఎక్కడున్నాడని. కాచేవాడికి తెలిసి ఉండాల్సిన సంగతి అది.

“ఇప్పుడేం చేద్దామంటావు?” అన్నాను.

“ఆవిడ దగ్గు మీకు వినపడట్లేదా? వంటింటి కిటికీలోంచి నాకు రోజూ వినిపిస్తోంది. వారాల నుంచి అదే దగ్గు. అది మామూలు దగ్గు కాదు.”

మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని కిందికి దిగింది. బెల్లు కొడితే తలుపు గొలుసు వేసి ఉన్నంత మేరకే తెరుచుకుంది.

“ఏంది అక్కా? ఖాళీ చెయ్యమని చెప్పనీకి వచ్చిన్రా? ఓనర్ చెప్పిండు తియ్యి.”

“దానికి కాదమ్మా. దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉంది?”

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “మీరు చర్చోళ్లు కదా. ప్రార్థన చేస్తమంటరా? నాకొద్దు.”

“చెయ్యను. నేను నర్సుని. చెమటలు పట్టి బట్టలు తడుస్తున్నాయా? బరువు తగ్గారా? కళ్లెలో రక్తం పడుతోందా?”

“జర పడ్తది,” అంది. గొలుసు తీసింది.

రెండు రోజులాగి ముగ్గురం ఆటోలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లాం. ఆమె మాస్కు వేసుకుని బయటికే చూస్తూ కూర్చుంది. రైతు బజార్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. టమాటా బుట్టలు దించుతున్నారు. ఆమె ఉన్నట్టుండి, “మాది చేవెళ్ల దిక్కు అక్కా. చిన్నప్పుడు మా నాయినతోని కూరగాయలు అమ్మనీకి వచ్చేదాన్ని. మా టమాట జల్ది అమ్ముడుపోయేది,” అంది. తర్వాత ఏమైందని నేను అడగబోయాను. మా ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది.

టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగాలి, ఒక్కరోజు కూడా మానకూడదన్నారు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆవిడ ఆమెతో మెల్లగా చెప్పింది. “ప్రెసిడెంట్ గారింట్లో కోడలు కడుపుతో ఉంది. ఆయనకు తెలియాలమ్మా. మీరు సరేనంటేనే చెప్తాను.”

“చెప్పు అక్కా. ఎల్లగొడ్తే ఎల్లగొడ్తరు. ఎట్లయినా పోవుడే కదా.”

ప్రెసిడెంట్ విన్నాక ముఖం మాడ్చుకున్నాడు. “మేడం, మీకు పుణ్యం కావాలె, చేసుకోండ్రి. మా కోడలికి ఏమన్న అయితే ఎవలు జవాబు చెప్తరు? రేపే ఖాళీ చెయ్యాలె.”

“మీరు భయపడ్డంలో తప్పు లేదండి,” అంది మా ఆవిడ. “ఆ అమ్మాయి కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటే మంచిది. కానీ ఈవిణ్ణి ఇప్పుడు పంపేస్తే మందులు మానేస్తుంది. ఇంకో బిల్డింగులో, ఇంకో లిఫ్టులో దగ్గుతుంది. ఇక్కడుంటే రోజూ నా కళ్ల ముందు మింగుతుంది. ఆ ఇంటికి మందులయ్యేదాకా ఎవరూ రారు. ఆవిడే ఆ మాట అంది. పూచీ నాది.”

“రోజు మీరే చూస్తరా?”

“చూస్తాను.”

ఆయన గేటు వైపు తిరిగాడు. “మందులైపోయేదాంక. గంతే. ఫికర్ అంతా మీదే,” అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి నెలలు మా ఇంటి పొద్దులు అలా గడిచాయి. డ్యూటీకి పోయే ముందు మా ఆవిడ కిందికి దిగి, ఆమె మాత్రలు మింగేదాకా నిలబడి వచ్చేది. మూత్రం ఎర్రగా వస్తోందని ఆమె హడలిపోతే, అది మందు రంగని చెప్పింది. వాంతులయ్యాయి. కీళ్లు నొప్పులు పెట్టాయి. అన్నం మా ఇంట్లోంచే వెళ్లేది. ఒకరోజు ప్రెసిడెంట్ భార్య జొన్నరొట్టెలు పంపింది, గిన్నె మాత్రం తిరిగి ఇవ్వొద్దంది. భయమూ దయా ఒకే గిన్నెలో రావడం అప్పుడే చూశాను. ఎవరినీ తప్పు పట్టబుద్ధి కాలేదు.

ఒక పొద్దున మా ఆవిడ ఎంతకీ పైకి రాలేదు. ఏమైందోనని నేను కిందికి వెళ్లాను. మాత్రలు నేలమీద చెల్లాచెదురుగా పడున్నాయి. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. “ఎవల కోసం బతకాలె అక్కా? చెప్పు. నువ్వు సదువుకున్నదానివి, చెప్పు,” అంటోంది.

మా ఆవిడ దువ్వెన తీసుకుని ఆమె వెనక కూర్చుంది. ఎన్నాళ్లుగానో చిక్కుపడ్డ జుట్టును పాయలుగా విడదీసి, దువ్వి, జడ వేసింది. డ్యూటీకి ఆలస్యమవుతోందని నేను గుమ్మంలోంచి సైగ చేస్తే చూడనట్టే ఉంది. జడ పూర్తయ్యాక ఆమె కళ్లు తుడుచుకుని, కొత్త మాత్రలు చేతిలోకి తీసుకుని, నీళ్లు అడిగింది.

మందులైపోయాయి. రిపోర్టు మంచిగా వచ్చింది. ఆమె ఒప్పుకున్న ప్రకారమే ఖాళీ చేసింది. ఉండమని ప్రెసిడెంట్ అనలేదు, కానీ బోరబండలో తెలిసినవాళ్ల గది ఆయనే మాట్లాడి పెట్టాడు. సామాన్లు ఎక్కించే రోజు ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లాడు. ఆమె పాత పనికి పోతుందా మానేస్తుందా అని నేను మా ఆవిణ్ణి అడిగాను. “నేను అడగలేదండి,” అంది. “అడిగితే ఇన్నాళ్లూ మింగించిన మందులకు వెల అడిగినట్టయ్యేది.”

ఎలా తెలిసిందో, మా పాస్టర్‌గారికి ఈ విషయం తెలిసింది. “అమ్మా, వచ్చే ఆదివారం నువ్వు చర్చిలో నిలబడి ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాలి. నలుగురికీ ఆదరణగా ఉంటుంది,” అన్నారు.

“అయ్యగారూ, అందులో నాది మాత్రలు ఇచ్చినంత వరకే,” అంది మా ఆవిడ. “మిగతాదంతా ఆవిడ బతుకు. ఆవిడ లేని చోట మైకు పట్టుకుని చెప్పలేను.”

ఆయన సరేనన్నారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనైతే కొంచెం నొచ్చుకున్నాను. మంచి పని నలుగురికీ తెలిస్తే తప్పేముందని మనసులో వాదించుకున్నాను. ఒకరి సిగ్గును కాపాడడం కూడా కావలిలో భాగమేనని ఒప్పుకోవడానికి నాకు టైం పట్టింది.

మొన్న ఎండాకాలం అమీర్‌పేటలో క్లాసు ముగించుకుని లేడీస్ హాస్టళ్ల గల్లీలోంచి వస్తున్నాను. “సార్!” అని ఎవరో పిలిచారు. ఒక హాస్టల్ వంటింటి గుమ్మంలో ఆమె. ఒళ్లు చేసింది. చేతులకు గోధుమపిండి. అక్కడ వంట చేస్తోందట.

“అక్క మంచిగున్నదా సార్?”

“బాగుంది. నిన్ను తలుచుకుంటూనే ఉంటుంది.” కాసేపు అవీ ఇవీ మాట్లాడి, మనసులో ఉన్నది అడిగేశాను. “ఈ సంగతి ఎక్కడైనా రాయాలనుంది. నీకిష్టం లేకపోతే రాయను.”

ఆమె గుమ్మానికి ఆనుకుని నిలబడింది. లోపల పెద్ద గిన్నెలో పప్పు ఉడుకుతోంది.

“రాయి సార్. పేరు రాయకు. నేను చేసిన పని సుత రాయి, అబద్ధం రాయకు. గని మందులు ఆఖరుదాంక మింగిన సంగతి సుత రాయాలె. మస్తు కష్టమైంది సార్ గది.”

“రాస్తాను.”

భోజనం టైం అయినట్టుంది, పైన మెట్ల మీద ఆడపిల్లల చెప్పుల చప్పుడు మొదలైంది. “అక్కను ఒక్కపారి రమ్మను సార్,” అని, పిండి చేతుల్ని కొంగుకు తుడుచుకుంటూ ఆమె లోపలికి వెళ్లింది.