కారం లేని సాస్

కడుపులో పుండు ఉంది, మాంసం తినొచ్చు గానీ కారం ముట్టొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి, మిరప పండించే మా నాన్న మజ్జిగన్నం తప్ప ఏదీ సరిగా తినడం లేదు. మాంసాన్ని పెద్ద ముక్కగా కాల్చే జపాన్ పద్ధతి స్టేక్‌కి కారమే అక్కర్లేదని తెలిసి అది చేద్దామనుకున్నాను. పొదిలిలో మాంసం కొట్టతను అలవాటుగా ముక్కలు కొట్టబోతే ఆపి, వేలెడు మందాన పలకలా కోయించుకొచ్చాను. సోయాసాస్‌లో తురిమిన ఉల్లి, యాపిల్, కాస్త పంచదార వేసి సన్నని సెగ మీద సాస్ కాచాను. రుచి సరిగ్గా కుదిరింది. పక్క పొయ్యి మీద మాంసం కాల్చి, పలచగా కోసి, సాస్ పోసి నాన్న ముందు పెట్టాను.

మొదటి ముక్కకే ఆయన మొహం వెలిగింది. "ఇదిరా తిండంటే! ఇంకాస్త పొయ్యి."

అనుమానమొచ్చి సాస్ నాకి చూశాను. నాలుక భగ్గుమంది.

"నువ్వు మాంసం కాలుస్తుంటే ఒక్క చెంచాడు కారం వేశాన్రా," అంది అమ్మ. "ఆ చప్పిడి ఎవరు తింటారు? ఆయనేమన్నా బాలింతా?"

"కారం లేకుండా పెట్టాలనే కదమ్మా ఇదంతా చేసింది!"

పళ్లెం తీయబోతే నాన్న గట్టిగా పట్టుకున్నాడు. "వదల్రా, ఇన్నాళ్లకి నోటికి హితవుగా ఉంది."

అయినా లాక్కున్నాను. ఆయన నా వైపు చూడకుండా, మజ్జిగ గిన్నె తెమ్మని అమ్మకు చెప్పాడు.